సమాధి పలక మీద సాయిలు రాత

ఖతర్‌లో ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఓ నవంబరులో, అల్ రువైస్ పట్టణానికి దక్షిణాన ఉన్న ఒక పురాతన సమాధి కొలతలకు నన్ను వేశారు. పురావస్తు కట్టడాలను నమోదు చేసే ప్రైవేటు కంపెనీలో నేను సీనియర్ సర్వేయర్‌ని. రాళ్లు గుట్టగా పేర్చిన ఆ సమాధి లోపల, మనిషి పాకుతూ దూరగలిగేంత గది ఉంది. ప్రతి రాయినీ కొలిచి గీయాలి. రాతి మీద గీతలు కనిపిస్తే పక్క నుంచి వెలుతురు వేసి ఫొటో తీసి, విడిగా పత్రం నింపాలి. గీతలు ఏ కాలానివి, చదవడానికి వీలవుతుందా, ఏమని ఉంది అన్నవి అందులో ముఖ్యమైన గడులు. వాటిని బట్టే గీతలను ఉంచాలో తీసేయాలో పైవాళ్లు తేలుస్తారు.

మూడో రోజు మా బృందం నాయకురాలు ఫియోనా లోపలి నుంచి కేక వేసింది. ఆమెది స్కాట్లాండ్ ఉత్తర దీవులు. అక్కడ ఒక పాత సమాధిలో వైకింగులనే పాతకాలపు సముద్ర దోపిడీదారులు చొరబడి, తమ రూనిక్ లిపిలో గోడల నిండా పేర్లు చెక్కారట. ఒకప్పటి ఆ ఆకతాయి రాతల్ని ఇప్పుడు పండితులు అక్షరం అక్షరం చదువుతున్నారని చెప్పేది. ఇక్కడి రాతి పలక మీదా తెలియని లిపి ఉందని ఆమె సంబరం.

నేను బోర్లా పడుకుని టార్చి వాల్చి చూశాను. తెలుగు.

"సాయిలు. దుమ్ము లేసింది. మూడు దినాలు ఈడనే ఉన్న. లచ్చవ్వకు చెప్పుండ్రి."

రక్షిత కట్టడాన్ని గీకితే కేసవుతుంది. రాసినవాడి పేరు అక్కడే ఉంది. "ఇటీవలి గీతలే, చదవడానికి రావు" అన్నాను. పత్రంలోనూ అదే రాశాను. నా సర్వీసులో అబద్ధం రాయడం అదే మొదలు.

శుక్రవారం సెలవు. ఆ ఎడారిలో మనవాళ్లు పనిచేసేది ఎక్కువగా ఒంటెల దొడ్లలోనే కనుక, కారు తీసుకుని చుట్టుపక్కల దొడ్లలో వాకబు చేశాను. రెండో దొడ్డిలోనే సాయిలు దొరికాడు. యాభై దాటిన మనిషి, కరీంనగర్ వైపు. పలక మాట ఎత్తగానే అతని మొహం పాలిపోయింది.

"చెయ్యి గూడ కనవడలే సార్, అంత దుమ్ము. నీళ్లు ఒడిసినయ్. సచ్చిపోత అనుకున్న. ఇనుప మేకుతోని రాసిన."

"అది సమాధని మీకు తెలీదా?"

"అప్పుడు కంచె లేదు, బోర్డు లేదు. బండల సందున గాలి తలుగదని దూరిన. సమాధని తెలిస్తే మొక్కి దూరుదును గద. తుడిపెయ్యుండ్రి సార్. మా ఇంటామె లచ్చవ్వకు నేనే ఫోన్ల చెప్పుకున్న."

ఆదివారం ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. చదవరాని ఇటీవలి గీతలు కనుక పలకను అరగదీసి శుభ్రం చేయమన్నారు. అరగదీస్తే సాయిలు రాతే కాదు, వేల ఏళ్ల నాటి రాతి పైపొర కూడా పోతుంది. దానికి ఆధారం నా సంతకం. ఫియోనాకు జరిగింది చెప్పేశాను. ఆమెకు కోపం వచ్చింది, సాయిలు మీద కాదు. "ఇక్కడ దాన్ని చదవగలిగిన మనిషివి నువ్వొక్కడివే. నువ్వే చదవడానికి రాదని రాశావు" అంది.

పని ఆపించి, కొత్త పత్రం రాశాను: పూర్తి పాఠం, ఇంగ్లీషు అర్థం, కంచె వేయకముందు ఇసుక తుఫానులో తలదాచుకున్నవాడి రాత అన్న వివరణ. తనిఖీకి వచ్చిన ఖతరీ అధికారి పెద్దవయసు మనిషి. నా చేత తెలుగులోనే రెండుసార్లు చదివించుకుని, అర్థం విన్నాడు. కేసు మాట ఎత్తుతాడనుకున్నాను.

"అతనికి నీళ్లు దొరికాయా?" అని అడిగాడు.

"నాలుగో రోజున దారిన పోయే నీళ్ల ట్యాంకర్‌వాళ్లు ఇచ్చారట" అన్నాను.

తల ఊపి, రాతను ఉంచమని సంతకం పెట్టాడు. సాయిలు మీద ఫిర్యాదు లేదు. తప్పుడు నమోదుకు నాకు మెమో ఇచ్చారు, అది న్యాయమే.

చదవలేకపోవడం వేరు, చదివి చెప్పకపోవడం వేరు. పత్రంలో రెండింటికీ ఒకటే గడి ఉంది. తేడా తెలిసేది నింపేవాడికి మాత్రమే.