తువాస్‌లో మా ఎడారి

ఆ రోజుల్లో సింగపూర్ నుంచి ఎక్కడికీ వెళ్లడానికి లేదు, ఎక్కణ్నుంచీ ఎవరూ రావడానికీ లేదు. మహమ్మారి పుణ్యమా అని దేశాలన్నీ తలుపులు బిడాయించుకున్నాయి. ఏ పనీ తోచని కాలంలో మనిషి ఎంత తెలివితక్కువ పనికైనా తెగిస్తాడనడానికి సాక్ష్యం కావాలంటే నన్ను పిలవండి, బోనెక్కి మరీ చెబుతాను.

వుడ్‌ల్యాండ్స్‌లో ఒక ఫ్లాట్‌లో నాతో గది పంచుకున్నవాణ్ని అందరం పెళ్లికొడుకు అనేవాళ్లం. పెళ్లి కాగానే సెలవు అయిపోయి ఒక్కడే వచ్చాడు. ఆ వెనకే తలుపులు పడ్డాయి, భార్య తెనాలిలో ఉండిపోయింది. ఇద్దరూ దుబాయ్ వెళ్లి, మధ్యాహ్నం ఊళ్లోంచి బయల్దేరి ఎడారంతా తిరిగి, సూర్యాస్తమయం చూస్తూ భోంచేసి రావాలని టిక్కెట్లు కూడా కొన్నారట. అవీ పోయాయి. మొదట్లో గంటలకొద్దీ సాగిన ఫోను పోనుపోను "తిన్నారా?", "తిన్నాను, నువ్వు?" దగ్గరికొచ్చి ఆగింది. చివరికొక రోజు ఆ అమ్మాయి "రోజూ చెయ్యక్కర్లేదులెండి, చెప్పుకోడానికేముంది" అందట. వాడు ఆ పూట అన్నం ముట్టలేదు. ఈ కాపురం మొదలవకుండానే ముగిసిపోతుందేమోనని నాకూ గుబులు పుట్టింది. (పెళ్లికానివాడికి ఊళ్లోవాళ్ల సంసారాలు చక్కబెట్టే ఉబలాటం ఎక్కువ.) "దుబాయ్ పోతే పోయింది, ఎడారినే ఇక్కడికి తెద్దాం రా" అన్నాను.

సింగపూర్ పడమటి కొసన, తువాస్‌లో సముద్రం పూడ్చడానికి తెచ్చిన ఇసుక గుట్టలు గుట్టలుగా కంచె వెనక పడి ఉండటం ఒకసారి చూశాను. సూర్యుడు మునిగేటప్పుడు వీడియో కాల్ చేస్తానని, కలిసి తిందామని వాడు ఆమెకు ముందే చెప్పాడు. ఆదివారం సాయంత్రం రెండు బిర్యానీ పొట్లాలు పట్టుకుని అక్కడికి చేరాం. తెల్ల తువ్వాలు తలకు వేసుకుని, దాని మీద ఛార్జరు తీగ బిగించి నేను అరబ్బు షేక్‌నయ్యాను. పెళ్లికొడుకు కంచె మీదుగా ఫోను ఎత్తిపట్టి, ఇసుక తప్ప ఇంకేమీ కనపడకుండా సరిచేస్తుండగా కాపలా అంకుల్ పరిగెత్తుకొచ్చాడు. "బాస్, దిస్ ఈజ్ వర్క్‌సైట్ లా, నాట్ బీచ్!" అని ఇక్కడి యాసలో కసిరాడు. మావాడు ఫోను చూపించి "వైఫ్" అని మాత్రం అనగలిగాడు. అంకుల్ వాడి మొహం చూసి, "ఓకే, ఫైవ్ మినిట్ ఓన్లీ, ఆ?" అని అటు తిరిగి నిలబడ్డాడు.

సూర్యుడు సముద్రంలోకి దిగుతున్నాడు. అద్భుతంగా ఉంది. ఫోను కలిసింది.

"ఇదేంటండీ, ఇప్పుడు చేశారు? సూర్యుడు మునిగేటప్పుడన్నారుగా? ఇక్కడింకా ఎండ మండిపోతుంటేనూ!"

ఇండియావాళ్లతో పెట్టుకునే ప్రతి మీటింగుకీ రెండున్నర గంటలు కలిపి, తీసి లెక్కలు కట్టే ఇంజనీర్లం ఇద్దరం. ఆ లెక్క సూర్యుడికీ ఉంటుందని ఒక్కడికీ తట్టలేదు.

"ఇక్కడ మునిగిపోతున్నాడు మరి..." అని వాడు నసిగాడు.

"మీకు మునిగితే నాకూ మునిగినట్టేనా?"

ఆ మాట ఆమె నవ్వుతూ అనలేదు. పరిస్థితి చక్కబెట్టాలని నేను మధ్యలో దూరి, వంగి సలాం చేసి, "మేడమ్, ఒంటె సిద్ధంగా ఉంది" అన్నాను. దానికీ నవ్వలేదు. ఆ ఇసుకవైపు కాసేపు చూసి, "ఎడారి బాగుందండీ. మీరుండే గది మాత్రం ఎప్పుడూ చూపించలేదు. ఇంటికెళ్లి చూపించండి. ఈలోగా నాకూ పొద్దుగూకుతుంది, అప్పుడే తిందాం" అంది.

వాడు సరేనని ఫోను పెట్టేశాడు. వాడెప్పుడూ మా బ్లాక్ కింద, పూలకుండీల పక్క బల్ల మీద కూర్చుని మాట్లాడేవాడు. అది మా బాల్కనీ అని ఆమె అనుకునేది, వీడూ కాదనలేదు. బస్సూ రైలూ మారి వెనక్కొచ్చాం. ఒళ్లో బిర్యానీ చల్లారిపోయింది.

గదిలోకెళ్లి వాడు ఫోనుని నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. కింద రెండు పరుపులు, మధ్యలో జానెడు చోటు, అడ్డంగా కట్టిన తాడు మీద ఆరేసిన లుంగీలు. అవతల తెనాలిలో డాబా మీద కంచం ముందు పెట్టుకుని కూర్చున్న ఆమె వెనక ఆకాశం ఎర్రబడుతోంది.

"నేనొస్తే నన్నెక్కడ ఉంచుదామనుకున్నారు?"

"నాకూ తెలీదు. రోజూ అదే దిగులు. అందుకే నీతో ఏం మాట్లాడాలో తోచదు."

"ఈ మాటే చెప్పొచ్చుగా ఇన్నాళ్లూ! మీకు నేనంటే ఇష్టం లేదేమోనని ఇక్కడ చచ్చిపోతున్నాను" అని ఆమె భోరుమంది. ఏడుస్తూనే ముద్ద నోట్లో పెట్టుకుంది. వాడూ పొట్లం విప్పాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు ఆగలేదు. స్టవ్ ఎక్కడ, అల్మరా ఎక్కడ అని మొదలై గది మొత్తం సర్దేశారు. "ఆ కిటికీ కింద పరుపు తీసేస్తే నాకు బోలెడు చోటు" అందామె.

అది నా పరుపు. వాడు తల తిప్పి గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. ఆమెకూ అర్థమైంది కాబోలు.

"అయ్యో, అన్నయ్యా, మరి మీరెక్కడికెళ్తారు?"

ఈ ఊరొచ్చాక నన్నెవరూ ఆ మాట అడగలేదు. "నాకేమ్మా, మహారాజుని, ఎక్కడైనా ఉంటాను" అని గట్టిగా నవ్వాను. వాళ్లిద్దరూ నమ్మేశారు. మహారాజునన్న ఆ కుర్రాణ్ని, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పుడు నాకూ చిన్నగా నవ్వొస్తుంది. పాపం, వెళ్లడానికి వాడికి చోటెక్కడా లేదు.