ఆలుగడ్డ కింద పెద్దకూర

మొన్న మా అమ్మాయి కాలేజీ నుంచి ఫోన్ చేసి, రూమ్మేట్లకి కాటేజ్ పై అనే ఇంగ్లీషు వంటకం చేసి పెడతానని మాటిచ్చానని, కొలతలు పంపమని అడిగింది. అంతటితో ఆగకుండా, బీఫ్ వండటంలో మా అమ్మ తర్వాతే ఎవరైనా అని పక్కనున్న పిల్లలకి ఇంగ్లీషులో గొప్పలు కూడా చెప్పింది. ఆ మాట అంత బాహాటంగా వినేసరికి, ఇన్నేళ్ళ తర్వాత కూడా, మెల్లగా మాట్లాడవే అని నా నోటిదాకా వచ్చింది. అది ఎక్కడి భయమో ఆ రోజుల్లో అమెరికాలో పార్సిప్పనీ అపార్ట్‌మెంట్లలో కాపురం చేసిన మనవాళ్ళకి కొంతైనా అర్థమవుతుంది.

మాది ఖమ్మం దగ్గర క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చి నుంచి రాగానే మా అమ్మ పెద్దకూర, అదే బీఫ్, పొయ్యి మీద పెట్టేది. దాన్ని మేము దాచుకుని తిన్నదీ లేదు, చాటింపు వేసుకున్నదీ లేదు. దాచడం నేను అమెరికా వచ్చాకే నేర్చుకున్నాను. 2009 ప్రాంతంలో మా ఎదురు ఫ్లాట్‌లో హైదరాబాదు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది, ఆవిణ్ణి నేను అక్కా అనేదాన్ని. వాళ్ళు గుడ్డు కూడా ముట్టని మనుషులు. నేను ఆఫీసుకి వెళ్తే మా పిల్లని తన పిల్లాడితో పాటు కూర్చోబెట్టుకుని పప్పన్నం తినిపించింది ఆ అక్కే. మూడేళ్ళలో ఆవిడకి నేను చెప్పని సంగతి ఒక్కటే. మెట్ల దాకా వాసన వెళ్ళినప్పుడు ఏం వండుతున్నావని ఆవిడ అడిగితే మటన్ అనేదాన్ని.

ఇక ఆ వంట సంగతి. ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ ఆఫీసులో మా లీడ్, ఆవిడ నేర్పింది నాకు. మాంసం ముక్కల్ని ఎర్రగా వేయించి, ఉల్లిపాయలు, క్యారెట్, టమాటా పేస్టు, బిర్యానీ ఆకు వేసి పొద్దున్నే స్లో కుక్కర్‌లో పెడితే, సాయంత్రానికి గరిటె తగిలితే చాలు విడిపోయేలా ఉడుకుతుంది. దాన్ని ట్రేలో పరిచి, వెన్న వేసి మెదిపిన ఆలుగడ్డ పైన మందంగా పూసి, ఫోర్కుతో గీతలు గీసి, ఓవెన్‌లో ఎర్రబడనివ్వాలి. ఆవిడకి చెప్పకుండా నేను కాస్త అల్లం వెల్లుల్లి కూడా వేసేదాన్ని, మన నాలుక ఊరుకోదు కదా.

ఆ లీడ్ రిటైరవుతున్న సోమవారం కాటేజ్ పై చేసి ఆఫీసుకి తీసుకెళ్దామనుకున్నాను. దానికి ముందురోజే అక్కావాళ్ళ పిల్లాడి పుట్టినరోజు. అదే వంటని అడుగున మాంసానికి బదులు రాజ్మా పెట్టి వాళ్ళకోసం ఒకసారి చేస్తే పిల్లలు నాకేశారు, అక్క మళ్ళీ అదే అడిగింది. ఒకసారి ఉడికించిన ఆలుగడ్డతో రెండు ట్రేలూ అయిపోతాయని ఆదివారమే రెండూ కానిచ్చాను. రాజ్మా ట్రే మీద నిలువు గీతలు గీశాను, మాంసం ట్రే మీద అడ్డం నిలువు రెండూ. రెండింటికీ ఫాయిల్ చుట్టాను. పైన పేరు రాద్దామని పెన్ను కూడా తీశాను. వచ్చేపోయేవాళ్ళెవరైనా చదువుతారేమోనని రాయకుండా పెన్ను లోపల పెట్టేశాను.

బెలూన్లు కట్టడానికి నేను ముందే పార్టీ జరిగే క్లబ్‌హౌస్‌కి వెళ్ళి, స్టవ్ పక్కనున్న ట్రే పట్టుకురమ్మని మావారికి చెప్పాను. స్టవ్‌కి రెండు పక్కలా రెండు ట్రేలుంటే, ఏదని నోరు తెరిచి అడిగితే సొమ్మేం పోతుందో ఆ మహానుభావుడికి. నేను కుర్చీ ఎక్కి రిబ్బను కడుతుండగా అక్క ఫాయిల్ విప్పడం కనిపించింది. నిలువూ అడ్డమూ గీతలు. కుర్చీ దిగేలోపు అక్క మొదటి పళ్ళెం వాళ్ళమ్మగారి చేతికిచ్చింది. ఇండియా నుంచి కూతుర్ని చూడటానికి వచ్చిన పెద్దావిడ, షుగరు మనిషి, వేళకి తినాలి. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

ఎలా వెళ్ళానో తెలియదు, వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను.

"తినకండి పిన్నిగారూ, ఉప్పు ఎక్కువైపోయింది."

"ఉప్పేముందమ్మా. ఆఫీసు చేసుకుంటూ ఇంత చేశావు, ఎలా ఉన్నా తింటాను," అని ఆవిడ నవ్వుతూ నా చెయ్యి తీసేసి చెంచా ఎత్తింది.

"అది బీఫ్ పిన్నిగారూ," అన్నాను.

ఎంత మెల్లగా అన్నానో, అయినా పక్కనున్న వాళ్ళందరికీ వినపడింది. పెద్దావిడ చెంచా చప్పుడు కాకుండా పళ్ళెంలో పెట్టి, ఎవరినీ చూడకుండా ఇంటికి వెళ్ళి తలారా స్నానం చేసింది. ట్రేలు మారాయని నేను వివరించబోతుంటే అక్క వినలేదు.

"మీ ఇంట్లో తింటారా?"

"తింటాం అక్కా. చిన్నప్పటి నుంచీ."

"మరి ఇన్ని రోజులు మటన్ అన్నావ్ కదా నాతోని."

అప్పుడు సిగ్గుపడ్డాను, ఇంటికొచ్చాక కోపం కూడా వచ్చింది, నా తిండికి నేనెందుకు సంజాయిషీ చెప్పుకోవాలని. రెండూ నిజమే.

గొడవేమీ జరగలేదు. పది రోజులు పోయాక అక్క తనకి నడుము నొప్పిగా ఉందని, పిల్లకి డేకేర్ చూసుకొమ్మని చెప్పింది. ఎప్పుడైనా వాళ్ళింటికి వెళ్తే, అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ వచ్చి, నాకు పేపర్ కప్పులో వచ్చేది. అమెరికాలో పేపర్ కప్పుని తప్పని ఎలా అంటాం? నేను తాగి, నా కప్పు నేనే చెత్తబుట్టలో పడేసి వచ్చేదాన్ని. మరుసటి ఏడు వాళ్ళు ఊరు మారి ప్లేనో వెళ్ళిపోయారు.

ఇప్పుడు షాంటిలీలో సొంత ఇంట్లో ఉంటున్నాం. ఇక్కడ ఎవరేం వండుకుంటున్నారో ఎవరూ అడగరు, మా అమ్మాయి తరానికి ఆ భయమే తెలియదు, సంతోషం. కాని తలుపు కొట్టకుండా లోపలికి వచ్చి, పిల్లని చంకనేసుకుపోయే మనిషి కూడా మళ్ళీ తారసపడలేదు. ఆ రోజు నిజం చెప్పినందుకు నేనెప్పుడూ బాధపడలేదు. ఆ మాట మూడేళ్ళ ముందే చెప్పి ఉంటే అక్క నాకు దూరమయ్యేదో, ఒకపూట ఆలోచించుకుని తిరిగి వచ్చేదో, అది మాత్రం నాకు ఎప్పటికీ తెలియదు. ఆవిడ ఏం చేస్తుందో నేనే ముందుగా తీర్మానించేసుకుని, ఆవిడకి ఆ అవకాశం ఇవ్వలేదు.