హల్లరు నిండుకుంది

తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రానికి మూడు మైళ్ల దూరంలో, ఊరికి ఎడంగా ఉన్న పాలెం యెహోషువది. ఆ పాలెంలో మిషను అంటే దొరసానులు పెట్టిన బడి. పక్కనున్న ఊళ్లో మిషను అంటే వడ్లు ఆడించేది. ఈ రెండు మిషన్ల మధ్యనే యెహోషువ బతుకంతా గడిచింది. మొదటి మిషనులో నాలుగో క్లాసు దాకా చదివాడు. తర్వాత మద్రాసు పోయి ఒక షెడ్డులో ఇంజన్లు విప్పడమూ బిగించడమూ నేర్చుకొని వచ్చాడు. 1952లో పెంచల్రెడ్డి ఊరి చివర తన పెరటికి ఆనుకొని రేకుల షెడ్డు వేసి, ఆయిలింజను తెప్పించి వడ్ల మిషను పెట్టినప్పుడు, ఆ ఇంజన్ని నడపగల మనిషి చుట్టుపక్కల పది ఊళ్లలో యెహోషువ ఒక్కడే. అందుకని ఉద్యోగం ఇచ్చారు. ఉద్యోగంతోపాటు ఒక తలుపు కూడా ఇచ్చారు.

ఆ తలుపు షెడ్డు వెనక, ఇంజను గదికి. యెహోషువ అందులోనుంచే రావాలి, అందులోనుంచే పోవాలి. ముందు వాకిలి వడ్ల బస్తాలకూ, వాటి సొంతదారులకూ. ఇంజన్ని ముట్టుకోవచ్చు, వడ్లను ముట్టుకోకూడదు, బియ్యాన్ని అసలే ముట్టుకోకూడదు. ఆ వడ్లను నాటిందీ కోసిందీ కళ్లంలో నూర్చిందీ పాలెం జనమే గదా అని ఎవరికైనా అనుమానం రావచ్చు. వడ్లకు కులం పొలంలో ఉండదు. బస్తాలోకి ఎక్కిన తర్వాత వస్తుంది.

యెహోషువ ఇవన్నీ తెలిసే పనిలో చేరాడు. మొదటి వారంలోనే చిక్కొచ్చింది. సాయంత్రం బాగా తిరిగిన ఇంజను తెల్లారేసరికి మొరాయించేది. రెండు చుట్లు తిరిగి, గుక్కపట్టినట్టు మూలిగి, ఆగిపోయేది. నూనె చూశాడు, నాజిలు చూశాడు, బెల్టు చూశాడు. బెల్టు తీసేస్తే ఇంజను గుర్రంలాగా పరిగెత్తేది. అంటే తప్పు ఇంజనుది కాదు, గోడకు అవతలుంది. బెల్టు పోవడానికి మధ్యగోడలో పెట్టిన కంతలోనుంచి దూరి అవతలికి పోయి, వడ్ల పొట్టు తీసే హల్లరులో చెయ్యి పెట్టాడు. గాట్లున్న ఇనపదిమ్మె చుట్టూ వడ్లు గట్టిగా బిగుసుకొని ఉన్నాయి.

ఆ వడ్లు ఎక్కడివో తర్వాత తెలిసింది. పెంచల్రెడ్డి తల్లి ఆదిశేషమ్మ రోజూ దీపాలవేళకు వచ్చి, హల్లరులో రెండు కుంచాల వడ్లు పోసి, పైన చిటికెడు పసుపు చల్లి పోయేది. అన్నం పెట్టే మిషను కడుపు రాత్రిపూట కాలకూడదని ఆమె నియమం. హల్లరులో ఉన్నది ఆమె లెక్కన వడ్లు కాదు, లక్ష్మి. ఉప్పుగాలికి రాత్రంతా చెమ్మ పట్టి లక్ష్మి ఉబ్బి ఇనపదిమ్మెను కదలనిచ్చేది కాదు.

ఆరోజు నుంచి పదకొండేళ్లు యెహోషువ ఒకే పని చేశాడు. ఎవరూ రాకముందే కంతలోనుంచి దూరి, హల్లరు గేటు తీసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి లక్ష్మిని గంపలోకి గోకేవాడు. ఇవతలికొచ్చి ఇంజను తిప్పి, మళ్లీ అవతలికి పోయి గంపెడు వడ్లూ తిరిగే హల్లరులో పోసేసేవాడు. ఇంజను చప్పుడు విని ఆదిశేషమ్మ పెరటి గోడమీదనుంచి కేకేసేది.

"ఏమిరా యెహోషువా, హల్లరు ఎట్టుండాదిరా?"

"నిండుకుందమ్మా!"

ఆమె తృప్తిగా లోపలికి పోయేది. యెహోషువ అబద్ధం చెప్పలేదు. బియ్యం అయిపోతే అయిపోయాయనకూడదు, నిండుకున్నాయనాలి అని ఆ ఇంటి కోడళ్లకు నేర్పింది ఆమే.

1963లో కరెంటొచ్చింది. పెంచల్రెడ్డి జిల్లాలో అందరికంటే వెనకబడతానేమోనని బెంగపడి, ఇంజన్ని ఊడబెరికించి దాని దిమ్మె మీద మోటారు పెట్టించాడు. ఇంజన్ని వాకిట్లో వేపచెట్టు కింద దించి తాటాకులు కప్పారు. షాకు కొడుతుందని, బెల్టు పట్టేంత సందు వదిలి కంతకు ఇనపజల్లెడ బిగించారు. వెనక తలుపుకు తాళం వేశారు. మోటారును నడిపే పెట్టె, దాన్ని స్టార్టరంటారు, ముందు హాల్లో హల్లరు పక్కనే గోడకు ఎక్కింది. పచ్చ బొత్తాం నొక్కితే తిరుగుతుంది, ఎర్ర బొత్తాం నొక్కితే ఆగుతుంది.

"ఇంక డ్రైవరుతో పనేముంది యెహోషువా?" అన్నాడు పెంచల్రెడ్డి, ఎంతో మంచిగా. "మోటారు తిరిగిందాకా ఆ ఇంజను తుడుస్తా ఉండు, కొనేవాళ్లు వస్తారు. తిరిగినరోజు నువ్వు ఇంటికి పోవచ్చు."

నలభై ఏళ్లు దాటిన మనిషికి, మిషను తప్ప వేరే పని చెయ్యని మనిషికి, ఇంటికి పోవడమంటే ఎక్కడికి పోవడమో ఆయన చెప్పలేదు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ముందు సాయంత్రం ఆదిశేషమ్మ, కొత్త మోటారు గదా అని, రెండు కుంచాలకు బదులు నాలుగు పోసింది. పొద్దున్నే టెంకాయ కొట్టారు. నెల్లూరునుంచి వచ్చిన కరెంటు సూపర్‌వైజరు గంగాధరం పచ్చ బొత్తాం నొక్కాడు. మోటారు "గుయ్‌"మంది. అంతే. కాసేపు గుయ్‌మని, టప్పుమని ఆగిపోయింది. వేపచెట్టు కింద గుడ్డముక్క పట్టుకొని కూర్చున్న యెహోషువకు ఆ చప్పుడు వినగానే విషయం అర్థమైంది. గుడ్డను మడిచి ఇంకోవైపు తుడవడం మొదలుపెట్టాడు.

గంగాధరం చెడ్డవాడు కాదు. చదువుకున్నవాడు. బెల్టు తీయించి నొక్కాడు, మోటారు ఝుమ్మని తిరిగింది. "మా మోటారు బాగుంది, మీ మిషనులోనే ఏదో ఉంది" అన్నాడు. "మా మిషను పదకొండేండ్లు తిరిగింది, మీ కరెంటులోనే ఏదో ఉండాది" అన్నాడు పెంచల్రెడ్డి. ఫ్యూజులు మార్చారు. బేరింగులకు గ్రీజు పెట్టారు. తీగెలు తారుమారు చేస్తే మోటారు వెనక్కి తిరిగింది, బెల్టు తగిలిస్తే వెనక్కి కూడా తిరగనంది. పొద్దున ఓల్టేజి తక్కువన్నారు, మధ్యాహ్నం దాకా కాచుకొని నొక్కారు. మధ్యాహ్నం కూడా గుయ్‌మంది. ఊరివాళ్లు వాళ్లకు తెలిసిన వైద్యం వాళ్లు చేశారు. నిమ్మకాయలు కట్టారు, దిష్టి తీశారు. స్టార్టరుకు పూసిన పసుపు కుంకాలకు ఏది పచ్చ బొత్తామో ఏది ఎర్ర బొత్తామో తెలియకుండా పోయింది.

ఒకసారి మాత్రం గంగాధరం సరైన ప్రశ్నే అడిగాడు. కాయితం తీసి, "హల్లరు సంగతేందండీ? లోపల వడ్లేమన్నా ఉన్నాయా?" అన్నాడు.

"హల్లరు నిండుకొనుండాది నాయనా" అంది ఆదిశేషమ్మ, గర్వంగా.

గంగాధరం కూడా సంప్రదాయం గల ఇంట్లో పుట్టినవాడే. పెద్ద ముత్తయిదువ నోటినుంచి ఖాళీ అనే మాట రాదని ఎరిగినవాడే. 'హల్లరు ఖాళీ' అని కాయితంలో రాసుకొని, కింద గీత గీశాడు. ఆ గీతతో ఆ దారి మూసుకుపోయింది.

రెండు వారాలు గడిచాయి. ఆసాములు బస్తాలను మిషను వాకిట్లోనే పడేసి కాచుకున్నారు, వాళ్ల గాదెల్లో పాత బియ్యం ఉన్నాయి. పాలెంలో గాదెలు లేవు. కూలికింద కొలిచిన వడ్లు తెచ్చుకొని, ఏనాడో మూలన పడేసిన రోళ్లు బయటికి లాగి దంచుకోవడం మొదలుపెట్టారు. పొలంలో పొద్దుగూకేదాకా వంగి, వచ్చి రోకలి ఎత్తడం. యెహోషువ భార్య రెబెక్కమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఆ మోటారుకు ఏమైందో నీకు తెలుసునంట గదా" అంది మొగుడితో, అన్నం పెడుతూ.

"ఎవరన్నారు?"

"నీ మొకం అంటాంది. రెండు వారాలుగా ఇంజన్ని తుడిచిందే తుడుస్తా, నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు."

యెహోషువ చెప్పాడు. ఆమె విని, తలమీద చెయ్యి పెట్టుకుంది.

"మోటారు తిరిగితే నా పని పోతాది మే" అన్నాడు.

"తిరక్కపోతే మా చేతులు పోతాయి. నీ ఒక్కడి పనికి పాలెంలో ఆడోళ్లందరూ దంచాల్నా?"

"చెప్పినానంటే ఊరుకుంటారా? పాలెమోడు లక్ష్మిని గోకినాడంటారు. పదకొండేండ్లు వాడు ముట్టుకున్న బియ్యం మా చేత తినిపించినాడంటారు."

"తిన్నారు గదా! ఎవురికన్నా జబ్బు చేసిందా? మిషను రెడ్డికి బొజ్జ కూడా పెరిగిందే."

మర్నాడు గంగాధరం చేతులెత్తేశాడు. మోటారును విప్పి మద్రాసుకు పంపాలి, మూడు నెలలు పడుతుంది అన్నాడు. బస్తాల ఆసాములు గొల్లుమన్నారు. యెహోషువ గుడ్డముక్కను ఇంజను మీద పెట్టి లేచి, మొదటిసారి షెడ్డు ముందు గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, మోటారును పంపొద్దు. హల్లరు ఖాళీ చెయ్యండి."

"ఖాళీగానే ఉందని రాసుకున్నానే!" అన్నాడు గంగాధరం.

"ఎవుర్రా ఖాళీ అనింది? ఎప్పుడన్నా ఖాళీగా పెట్టినానా?" అంది ఆదిశేషమ్మ.

గంగాధరం కాయితం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. గేటు తీసి చూడండన్నాడు యెహోషువ. ఎవరూ కదల్లేదు. అది లక్ష్మి, దీపాలవేళ పోసింది, మిషను తిరగకుండా బయటికి తియ్యకూడదు. యెహోషువ గడప దాటి లోపలికి వచ్చాడు. గేటు తీసి, చెయ్యి పెట్టి, మట్టిగడ్డల్లాగా పేరుకుపోయిన వడ్లను గంపలోకి గోకాడు. తర్వాత పసుపును చేత్తో తుడిచి, పచ్చ బొత్తాం ఎక్కడుందో వెతికి, నొక్కాడు.

మోటారు తిరిగింది. షెడ్డు రేకులన్నీ అదిరాయి. గంపెడు వడ్లూ హల్లరులో పోస్తే తెల్లగా బియ్యం రాలాయి. ముందుగా తేరుకుంది ఆదిశేషమ్మ.

"ఇంత ఒడుపుగా తీసినావే! ముందెప్పుడన్నా తీసినావా?"

"రోజూ తీసినానమ్మా. పదకొండేండ్లు."

"మరి పొద్దున్నే నిండుకుందంటివే!"

"మీ ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే డబ్బా నిండా ఉన్నట్టా అమ్మా?"

ఆదిశేషమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో కోపమో తెలియలేదు. బస్తాల దగ్గరున్న ఆసాముల్లో ఇద్దరు మాత్రం ఉమ్మేసి బయటికి పోయారు.

పెంచల్రెడ్డి వ్యవహారం తెలిసినవాడు. మనసులో ఇంకో లెక్క వేసుకున్నాడు. "సరేలే, అయిందేదో అయింది. సాయంత్రం వడ్లు పొయ్యకుంటే సరిపోయె. మోటారు తిరిగింది గదా యెహోషువా, ఇంక నువ్వు..."

"పొయ్యకుండా ఎట్టరా?" ఆదిశేషమ్మ గొంతు మోటారును మించింది. "మిషను కడుపు కాలబెడతావా? మిషను పెట్టిన కాడినుంచి పోస్తుండా. నా ప్రాణమున్నంత వరకూ పోస్తా."

"అయితే పొద్దున్నే మన జీతగాడెవడన్నా తీస్తాడు."

"ఎవుడు తీస్తాడు? తిరగని మిషనులోనుంచి లక్ష్మిని బయటికి లాగే పాపం ఎవుడు కట్టుకుంటాడు? నువ్వు కట్టుకుంటావా?" ఆమె యెహోషువ వైపు తిరిగింది. "వీడైతే మన దేవుళ్ల లెక్కలో లేడు. వీడే తియ్యాల."

పదకొండేళ్లు ఏ కారణంతో ఆ గడప దాటనియ్యలేదో, అదే కారణంతో ఉద్యోగం నిలబడింది. యెహోషువకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా చేతికొచ్చిన అవకాశాన్ని నేలమీద పడెయ్యలేదు.

"చీకటితో రా, ఎవరి కంటా పడకుండా" అన్నాడు పెంచల్రెడ్డి, గొంతు తగ్గించి.

"ఏ తలుపులోనుంచి రమ్మంటారయ్యా? వెనక తలుపుకు తాళం వేసినారు, కంతకు జల్లెడ కొట్టినారు. స్టార్టరు చూస్తే ఈడుండాది. ముందు వాకిట్లోనుంచే రావాల. చీకట్లో ముందు వాకిట్లోనుంచి వస్తే దొంగ అంటారు. పొద్దెక్కినాకే వస్తా."

పెంచల్రెడ్డి తల్లిని చూశాడు. ఆమె అప్పటికే బియ్యం గింజ నోట్లో వేసుకొని నమిలి చూస్తోంది. గంగాధరం ఆ గొడవలో దూరకుండా రిపోర్టు పూర్తి చేసుకున్నాడు: లోపం శాఖవారు కనిపెట్టి సరిచేశారు, స్థానిక ఆపరేటరు యెహోషువకు తగిన శిక్షణ ఇచ్చారు. 'ఆపరేటరు' అనే మాట యెహోషువకు నచ్చింది. పెంచల్రెడ్డి చేత కూడా దానికింద సంతకం పెట్టించమన్నాడు. గంగాధరం పెట్టించాడు.

మర్నాడు ఏడు గంటలకు యెహోషువ ఉతికిన చొక్కా తొడుక్కొని ముందు వాకిట్లోనుంచి లోపలికి పోయాడు. వెనకాలే పాలెం ఆడవాళ్లు గంపలతో వచ్చి బస్తాల పక్కన నిలబడ్డారు, రెబెక్కమ్మ అందరికంటే ముందు. అదే వేళకు మూడు బండ్లు వాకిట్లోనుంచి బస్తాలు ఎత్తుకొని బయల్దేరాయి. ముందురోజు ఉమ్మేసి పోయిన ఆసాములవి, వాళ్ల బంధువువి. మైలపడిన మిషనులో ఆడించరట. ఎంత దూరమైనా వెంకటాచలం దాకా పోయి, అక్కడి ఆచారం గల మిషనులో ఆడించుకుంటారట.

వెంకటాచలం మిషనులో కూడా ఒక పెద్దామె సాయంత్రంపూట వడ్లు పోస్తుంది. పొద్దున్నే వాటిని గోకే ఇంజను డ్రైవరు పేరు హెబ్రోను. యెహోషువ దగ్గరే పని నేర్చుకున్నాడు.

బండ్లు మలుపు తిరిగేదాకా చూసి, రెబెక్కమ్మ గంప దించుకుంది.

"పాపం, మా తమ్ముడికి పని ఎక్కువైతాది" అంది.