ఊగే కుర్చీ ముందు బోర్డు

వడ్రంగి పని మానేసి ఆరేళ్లయినా పెద్దాయన కళ్లు ఎక్కడికెళ్లినా ముందు చెక్క మీదికే పోతాయి. ఆ ఆదివారం మనవరాలితో పార్కుకు వెళ్లి, చెట్ల మధ్య ఉన్న పాత ఇంటి మ్యూజియంలోకి అడుగు పెట్టాడు. మేడ మీది గదిలో ఒక ఊగే కుర్చీని ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ తాడు కట్టి ఉంచారు. దాని ముందు ఆయన కాళ్లు ఆగిపోయాయి.

"తాతా, నూట ఇరవై ఏళ్ల కుర్చీ అంట!" అని మనవరాలు బోర్డు చదివింది.

"కాదమ్మా, ఇది నేను చేసిందే," అన్నాడు. అన్నాక తనకే అనుమానం వచ్చింది. కుర్చీ ఎడమ చేతి కింద చెక్క చీలితే తాను అతికించిన ముక్క కోసం వంగి చూశాడు. ఉంది.

మ్యూజియం చూసుకునే ఆవిడ ఆ మాట విని దగ్గరికొచ్చింది. "మరి అసలుది ఏమైందండీ?"

"చెదలు తినేశాయమ్మా. అచ్చం అలాగే చెయ్యమని అప్పటి మ్యూజియం పెద్దసారు అడిగితే చేశాను. పాతది పొయ్యిలోకి పోయింది."

ఆవిడ కుర్చీ వైపు, బోర్డు వైపు మార్చి మార్చి చూసింది. "అయితే బోర్డు మీద మీ పేరు రాయమంటారా?" అంది.

పెద్దాయన తల గోక్కున్నాడు. పేరుంటే బాగుండుననిపించింది. కానీ తాను చేసినదాన్ని చూసి జనం పాతదని నమ్మారంటే వడ్రంగికి అంతకంటే మెప్పేముంది? అలాగని అబద్ధాన్ని అలా నిలబెట్టి పోవడానికీ మనసొప్పలేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది.

"రేపొచ్చి చెబుతానమ్మా," అన్నాడు.

అది జరిగి వారమైంది. రోజూ పార్కు గేటుదాకా వెళ్తున్నాడు. ఏం చెప్పాలో తేలక, కాసేపు బెంచీ మీద కూర్చుని వచ్చేస్తున్నాడు.