నా నోటుబుక్కు అట్ట

మొన్న మే నెలలో, విమానాశ్రయం వస్తుందని అందరూ చెప్పుకుంటున్న భోగాపురం దాటగానే, నేనెక్కిన అద్దె కారులోకి తియ్యగా, కమురుగా ఒక వాసన వచ్చింది. వెనక తెల్లటి పొగ. యాభై దాటిన డ్రైవరు అప్పన్న బండి పక్కకు తీసి బానెట్టు ఎత్తాడు. ఇంజను చల్లారేదాకా నలభై నిమిషాలు ఆగి, నూనె చూసే పుల్లను పైకి లాగాను. నీళ్లు కలిసిన నూనె పాలు పోసిన టీ రంగులో ఉంది.

"గాస్కెట్టు పోనాది, అప్పన్నా," అన్నాను.

"మీకెలా తెల్సమ్మా?"

మా నాన్నకు చీపురుపల్లి స్టేషను దారిలో తాటాకు షెడ్డు ఉండేది. ఇంజను దిమ్మకూ దాని మీది మూతకూ మధ్య నలుగుతూ, నిప్పునూ నీళ్లనూ నూనెనూ దేని దారిన దాన్ని పంపే పల్చటి రేకే గాస్కెట్టు అని నాకు తొమ్మిదో ఏటే తెలుసు. చిన్న గాస్కెట్లయితే నాన్న బజారులో కొనేవాడు కాదు. దళసరి అట్టను అది బిగించాల్సిన ఇనుప భాగం అంచుమీద పరిచి, చిన్న సుత్తితో టకటకా కొడుతూ కోసేవాడు. బోల్టుల దగ్గర తెగి రాలిన గుండ్రటి ముక్కలు నావి. వేసవిలో ముంజెలు జుర్రుకుంటూ, కిరసనాయిలూ, గాస్కెట్లను అంటించే వార్నీసూ కలిసి వాసనేసే ఆ నీడలో వాటినే గవ్వలకు బదులు వేసి ఆడుకునేదాన్ని.

పదకొండో ఏట రైసుమిల్లు యజమాని జీపు వచ్చింది. రోజూ రేడియేటరులో నీళ్లు తగ్గుతున్నాయి. పగలు తిరిగి రాత్రికి మా షెడ్డుకే వచ్చేది. నాన్న చెప్పినట్టు దాని కింద పాత పేపరు పరిచి, పొద్దున్నే రోజూ అదే చెంబుతో నీళ్లు పోసి, ఎన్ని చెంబులు పట్టాయో నోటుబుక్కులో రాశాను: ఒకటి, ఒకటి, ఒకటిన్నర, రెండు. నాలుగు రోజులూ పేపరు పొడిగానే ఉంది.

"బయట కారలేదంటే లోపలే తాగేస్తన్నాదే," అని నాన్న నా లెక్క చూసి మురిసిపోయాడు.

కొత్త రాగి గాస్కెట్టు విశాఖపట్నం నుంచి రావడానికి వారం పడుతుంది. యజమాని ఆగనన్నాడు. పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, మళ్లీ పనికొస్తుంది. కానీ దీనికి రెండో సిలిండరు కంతకూ మూడోదానికీ మధ్య కాలిన నల్లటి చార ఉంది.

"నాన్నా, ఇక్కడ తినీసినాది."

"నోర్ముయ్యే. వార్నీసు పట్టీసుకుంటాది."

వార్నీసు పూసి పాతదాన్నే బిగించాడు; నేను పొద్దున్నే నీళ్లు పోసి రాస్తూనే ఉన్నాను. మూడో రోజున జీపు రాజాం రోడ్డులో ఆగిపోయింది. వేడికి ఇంజను మూత వంకరపోయింది. షెడ్డులో అయిదుగురు మనుషుల ముందు యజమాని కేకలేస్తుంటే, నాన్న నావైపు చూడకుండా అన్నాడు: "మా పిల్ల నీల్లు పొయ్యడం మర్సిపోనాది బాబూ."

"ఆడపిల్లకి అప్పజెప్పీసి నువ్వేటి సేస్తన్నావు? వంటా?" అని ఆయన నవ్వాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా.

నా నోటుబుక్కు షెడ్డులోనే ఉంది. లెక్క చూపిద్దామని పరుగెత్తుకెళ్లి తీశాను. నాన్న దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు. ఆ ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుని ఎప్పటిలాగే గొంతెత్తి పాడాడు. సోమవారం బడి నుంచి వచ్చేసరికి బల్ల కింద కాగితాలు విడివిడిగా పడి ఉన్నాయి. నా పేరు రాసుకున్న దళసరి అట్టను పరిచి, నాన్న ఎవరిదో నీళ్ల పంపుకు గాస్కెట్టు కోస్తున్నాడు. టకటకా. తెగిన గుండ్రటి ముక్కలు నేను ఏరుకోలేదు. మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు, ఆయనా రమ్మనలేదు.

భోగాపురం రోడ్డుమీద అప్పన్న ఫోను మోగింది. కారు యజమాని గొంతు నాకూ వినిపించింది: "నీల్లు సూసుకోకుండా తోలీసినావేటిరా?" అప్పన్న నావైపు చూశాడు. నేను ఫోను తీసుకున్నాను.

"బయల్దేరినప్పుడు రెండు సీసాలు, తగరపువలసలో ఒకటి. నా కల్లెదురుగానే పోసినాడు బాబూ. మీ గాస్కెట్టు సంగతి సూసుకోండి."

చీపురుపల్లిలో ఇప్పుడా షెడ్డు లేదు, సుత్తి చప్పుడూ లేదు. గాస్కెట్లు ప్లాస్టిక్ కవర్లలో వస్తున్నాయి. ఇదంతా నాన్న దగ్గర నేర్చుకున్నానని అప్పన్నకు చెప్పాను.

"ఆయనకి పని బాగా తెల్సుండాలమ్మా," అన్నాడు.

"తెల్సు," అన్నాను. "అన్నీ తెల్సే సేసినాడు."