మల్లి తాగిన నీళ్ళు

మా ఇంట్లో ఒక పెద్దాయన తాను చెయ్యని తప్పును మోస్తున్నారు. ఆ తప్పు నాది. నా కూతురు చంకలో ఉన్నప్పుడు జరిగింది. అదిప్పుడు బడికి పోతోంది. ఇన్నేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడతారే కాని చదవలేరు. తెలుగులో రాయడం అందుకే. ఇదీ పిరికితనమే. తెలుసు.

మాది తమిళనాడులో, మారండహళ్ళి పక్కన ఒక పల్లె. బోరులో నీళ్ళు తగ్గి సగం చేను బీడు పెట్టిన రోజులవి. నేను బీఎస్సీ చదివాను. కాన్పయ్యాక ఫోనులో ఒక శిక్షణ విన్నాను: మట్టి లేకుండా, అంతస్తులుగా పైపులు పేర్చి, ఎరువు కలిపిన నీళ్ళను వాటిలో తిప్పుతూ ఆకుకూరలు పెంచడం. కొట్టంలో సగం నాకివ్వమని పట్టుబట్టాను. ఆ కొట్టం మా మామగారి అన్నగారిది. ఆయన్ని పెద్దమామ అంటాను. పెళ్ళి చేసుకోలేదు, ఆవులే ఆయన సంసారం. ఒక్క మాట అనకుండా ఆవుల్ని ఒక పక్కకు జరిపి కట్టుకున్నారు. అత్త మాత్రం "మన్ను లేకుండా మొలిచేది బూజొకటే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ మాట మీద నాకు పంతం పుట్టింది.

మొదటి పంటకే ఆకుల అంచులు మాడాయి. ఎరువు ఎక్కువ కలిపాను. ఆ నీళ్ళు తీసేసి కొత్తవి పట్టాలి. పాత నీళ్ళను పలచన చేసి చెట్లకు పొయ్యాలి, పశువులు తాగితే ప్రాణం పోతుంది అని శిక్షణలో విడమరిచి చెప్పారు. శ్రద్ధగానే విన్నాను. అయినా ఆ మధ్యాహ్నం వాటిని కొట్టం వెనక ఖాళీగా ఉన్న రాతి తొట్టిలోకి వదిలాను. పొద్దు వాలాక కొబ్బరి మొక్కలకు మోద్దాం, పశువులు తిరిగొచ్చేలోగా అయిపోతుందిలే అనుకున్నాను. తొట్టి మీద ఒక రేకైనా కప్పలేదు. పాప ఏడ్చింది. లోపలికి వెళ్ళి, పక్కన పడుకుని పాలిస్తూ నిద్రపోయాను.

అవును. ఆ రోజు నిద్రపోయింది నేను.

లేచి వచ్చేసరికి మల్లి తొట్టి పక్కన వణుకుతూ నిలబడి ఉంది. పెద్దమామ దూడప్పటి నుంచి సాకిన ఆవు. మేత నుంచి ఆయన అప్పుడే తోలుకొచ్చి, మిగతావాటిని లోపల కట్టేస్తున్నారు. రొప్పుతోంది. నోటి మూలలో ఒక పచ్చటి పోగు. మేతకు పోయే దారి పక్కన, కోసిన జొన్న మోళ్ళకు పిలకలు వచ్చి ఉన్నాయి. వానల్లేని ఏడు ఆ పిలకలు మేస్తే పశువు చచ్చిపోతుందని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందరూ అదే అన్నారు. పశువుల డాక్టరు వచ్చారు. ఏం మేసింది, ఏం తాగింది అని అడిగారు. ఆయన అడిగేటప్పటికి మల్లి ఇంకా నిలబడే ఉంది. తొట్టిలో నీళ్ళు సగానికి తగ్గి ఉండటం నేను చూశాను. పాపను ఎత్తుకుని, నోరు మూసుకుని నిలబడ్డాను. జొన్నకు వేసే సూదే వేశారు. చీకటి పడకముందే మల్లి పోయింది. ఈ విషానికి వేరే మందు ఉందని తర్వాత ఫోనులో చదివాను. చెప్పి ఉంటే బతికేదా? అడిగే అవకాశం నేనే పోగొట్టుకున్నాను.

అందరూ మల్లి చుట్టూ చేరి ఉండగా నేను తొట్టి ఖాళీ చేసి కడిగాను. భయపడితే చేతులు ఆడవంటారు. నా చేతులు బాగానే ఆడాయి.

ఎందుకు చెప్పలేదు? పైపులు పీకేస్తారని భయం. ఆవును చూసుకోలేనిది బిడ్డనేం చూసుకుంటుందని అంటారేమోనని ఇంకా పెద్ద భయం. ఇవన్నీ నిజాలే. కానీ వీటి కింద ఇంకా నీచమైనది ఒకటుంది: నన్నెవరూ అనుమానించలేదు, నింద వెయ్యడానికి ఇంకొక మనిషి సిద్ధంగా దొరికాడు. మల్లి ఆ పిలకల్ని ఒక్క కొరుకు కొరికింది, వెంటనే లాగేశానని పెద్దమామ మొదట గట్టిగానే చెప్పారు. మేపేటప్పుడు నిద్రపోయి ఉంటావని మామగారు అరిచారు. ఊళ్ళో నవ్వారు. ఆ వారం గడిచేలోగా, కానుగ నీడలో కన్ను మూతపడిందేమోనని ఆయనే అనడం మొదలుపెట్టారు. మిగిలిన ఆవుల్ని తానే సంతకు తోలించేశారు.

కొట్టమంతా నాకొచ్చింది.

ఒకరోజు పైపు కారుతుంటే, పాపను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను.

"మామా, కొంచేపు బిడ్డను పట్టుకోండి."

"వద్దుమ్మా. నా కన్నును నమ్మేకి లేదు."

"అవేం మాటలు మామా?"

"నిద్రపోయినట్టు నాకే తెలీలేదు చూడు, అట్లాంటి పాడు నిద్ర అది. మల్లి నీ పెండ్లామా అని ఊరంతా ఎగతాళి చేస్తా ఉండ్రి. పెండ్లాన్ని నిద్రలో పోగొట్టుకునిన మొగోణ్ణి నేనొకణ్ణే. బిడ్డను కూడా పోగొట్టమంటావా?"

"మీరు నిద్రపోలేదేమో మామా. వేరే ఏదన్నా..."

ఆయన నవ్వారు. "సదువుకునిన దానివి. ముసిలోడి మనసు నొవ్వకుండా మాట్లాడతావు. ఈ ఇంట్లో నువ్వొకతివే నన్ను ఒక మాట అనలేదు."

ఇంకొక్క వాక్యం చాలేది. పాపను తిరిగి చంకనేసుకుని వచ్చేశాను. అంతటితో ఆగానా? పండక్కి వచ్చిన ఆడబిడ్డ పాపను ఆయన ఒళ్ళో కూర్చోబెట్టబోతే, వద్దు, ఆయనకు కునుకు పడుతుంది అన్నాను. ఆయన వింటుండగానే అన్నాను. అబద్ధాన్ని మోసీ మోసీ, అది నిజమే అయినట్టు నా బిడ్డ కోసం భయపడ్డాను. మల్లి విషయంలో చేసింది భయంతో అనుకోవచ్చు. దీన్నేమనాలి?

ఇప్పుడు నా ఆకుకూరలు హోసూరు బస్సెక్కుతున్నాయి. కొత్తగా మొదలుపెట్టాలనుకునే ఆడవాళ్ళు చూడటానికి వస్తారు. ముందు వాళ్ళకు పాత నీళ్ళు పోయే గుంతను, దాని చుట్టూ కట్టించిన కంచెను చూపిస్తాను. ఇంత జాగ్రత్త ఎందుకని అడుగుతారు. శిక్షణలో చెప్పారంటాను.

ఒక్కసారైనా తిన్నగా రాస్తాను. మల్లిని చంపింది జొన్న కాదు, నేను వదిలిన నీళ్ళు. పెద్దమామ తప్పు ఏమీ లేదు.

రాశాక ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. నాకొక్కదానికే. పొద్దున పాప తాతా అని పరుగెత్తితే, ఆయన మళ్ళీ చేతులు వెనక్కి పెట్టుకుంటారు.