తప్పులతో సహా

ఏడో తరగతిలో నాకూ బడికీ తెగిపోయింది. ఎవరు ఎవరిని వదిలేశారని ఇప్పటికీ అడుగుతుంటారు. నాకు తెలిసినంతలో, హాయిగా ఊపిరి పీల్చుకున్నది మాత్రం బడే. అలాంటివాణ్ణి పుస్తకం రాశానంటే, రెజిమెంటల్ బజార్‌లో మా దుకాణం పక్కన తాళాలు బాగుచేసే అన్న, "ఎవల దాంట్ల చూసి రాసినవ్ రా?" అన్నాడు.

రాసింది నేనే. పాత సోఫాలు విప్పి కొత్త బట్ట వేయడం నా పని. విప్పినప్పుడు లోపల దొరికే వస్తువులు, వాటి గురించి గిరాకీలు చెప్పే కబుర్లు, నేను వాళ్ళ మీద వేసే జోకులు, అన్నీ పని లేనప్పుడు ఫోన్లో వేలితో కొట్టేవాణ్ణి. బస్తీ వాట్సాప్ గ్రూపులో పెడితే జనం నవ్వేవారు. వాళ్ళు నవ్వితే నాకు ధైర్యం. నన్ను చూసి ఎవరైనా నవ్వే లోపే నేనే నవ్వించేస్తాను. బడిలో నేర్చుకున్నది అదొక్కటే.

ఆ కబుర్లు చేతులు మారి కాప్రాలో ఒక ప్రచురణకర్త దాకా వెళ్ళాయి. చిన్న సంస్థ, ఇంటి ముందు గదే ఆఫీసు. ఆ పెద్దాయనది కోస్తా నుంచి వచ్చి ఎప్పుడో స్థిరపడ్డ కుటుంబం. బోలెడు మర్యాద. ఖర్చు ఆయనదే, పుస్తకాల షాపులకు చేర్చే పనీ ఆయనదే. నేను సరే అంటే చాలు. అనడానికి నోరు తెరిచేలోపు ఆయన ప్రింటు తీసిన నా కాగితాల్లో ఒక మాట చుట్టూ సున్నా చుట్టి చూపించాడు. 'అర్ధమైంది'.

"ఇక్కడ ఉండాల్సింది థ అండీ. మీరు ధ రాశారు. అర్ధం అంటే సగం. పుస్తకమంతా ఇలాగే ఉంది. 'ఆయన బాధ నాకు అర్ధమైంది' అంటే సగమైందని! ఎంత బావుందో చూడండి."

అలవాటు కొద్దీ గట్టిగా నవ్వాను. ఇన్నాళ్ళూ గ్రూపులో జనం నవ్వింది నా జోకులకా, నా ఒత్తులకా?

"దిద్దుదాం సార్," అన్నాను.

"అయ్యో, దిద్దితే ఏం మిగులుతుందండీ? తప్పులతో సహా వేద్దాం. అందమంతా అక్కడే ఉంది. వెనక అట్ట మీద 'బడి మొహం చూడని కలం' అని పెడదాం."

"ఏడు దాంక దాని మొహం చూసిన సార్. అదే నన్ను చూడలే."

ఆయన పగలబడి నవ్వి, ఆ మాట కూడా రాసుకున్నాడు. అప్పుడు నిజంగా భయం వేసింది. మనిషి మంచివాడు. నన్ను ప్రేమగా ఎత్తి అద్దాల బీరువాలో పెడుతున్నాడు. రేపు పుస్తకావిష్కరణ సభలో ఈయనకు ఒత్తులు రావని పరిచయం చేస్తారు. చప్పట్లు కొడతారు. నేను నోరు విప్పకముందే నవ్వుతారు.

రెండో దారి సొంతంగా వేసుకోవడం. మా బజారులోనే పెళ్ళికార్డులు కంపోజ్ చేసే అక్క ఒకామె పుస్తకాలూ చేస్తుందంటే వెళ్ళి అడిగాను.

"చేస్త గాని తమ్మీ, ప్రూఫ్ నువ్వే చూస్కోవాలె. నువ్వు ఓకే అన్నంక తప్పుంటె నాది గాదు. మొన్న ఒకాయన చూస్కోలే. కార్డుల 'వధువు' అని ఉండాల్సిన కాడ 'వధ' అని పడ్డది."

"తప్పేముందక్కా? జెర ముందుగాల చెప్పిన్రు."

ఆమె నవ్వలేదు. "ఇంకోటి. రెండో పేజీల 'ప్రతులకు' అని ఉంటది. పుస్తకం కావాలన్నోళ్ళు ఎవలికి ఫోన్ జెయ్యాలె? ఆడ నీ పేరు, నీ నంబరు, దుకాణం అడ్రస్ పెట్టాలె."

ఆ ఒక్క మాట నా నిద్ర చెడగొట్టింది. నంబరు ఇస్తే ఫోన్లు పుస్తకం కోసం వస్తాయా? రిటైరైన తెలుగు మాస్టార్లంతా పొద్దున్నే కాఫీ తాగి, ఏ పేజీలో ఏ తప్పుందో చెప్పడానికి చేస్తారు. అచ్చుకాని పుస్తకానికే ఎంత భయపడ్డానంటే, కొత్త నంబర్లు ఎత్తడం మానేశాను. రెండు సోఫా బేరాలు అలాగే పోయాయి.

అయినా అక్క దగ్గర కంపోజ్ చేయించి ప్రూఫ్ తెచ్చుకున్నాను. చదువుతుంటే ప్రతి అక్షరం మీదా అనుమానమే. బాదా, బాధా, భాధా? శ, ష, స ముగ్గురూ అన్నదమ్ముల్లా కూర్చున్నారు, పిలిస్తే ఎవరు పలుకుతారో తెలియదు. చూడగా చూడగా సరైన మాటలు కూడా వంకరగా కనబడసాగాయి. చివరికి నా పేరు సరిగ్గా పడిందో లేదోనని ఆధార్ కార్డు తీసి చూసుకున్నాను. ఈలోగా పెద్దాయన ఫోన్ చేసి, ఆదివారానికల్లా ఏ సంగతో తేల్చి చెప్పమన్నాడు.

నా భార్య ఇంటర్ చదివింది. బొల్లారంలో చిన్నపిల్లల బడిలో అఆలు దిద్దిస్తుంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ముందు నేను ఒక్క అక్షరం రాయలేదు. సరుకులు కూడా నోటితోనే చెబుతాను. బస్తీ గ్రూపులోనూ ఆమె లేదు. ఊరంతా తిరిగినవాణ్ణి ఆమెను అడగడానికి మాత్రం జంకాను. బయటివాళ్ళు నవ్వితే ఆ నవ్వు బయటే ఉంటుంది. ఈమె నవ్వితే అది రోజూ నాతో కూర్చుని అన్నం తింటుంది.

ఆదివారం పొద్దున వేరే దారి లేక కాగితాల కట్ట ఆమె ముందు పెట్టాను.

"జెర చూస్తవా? ఒత్తులు గిట్ల."

"గింత పరేషాన్ ఎందుకు? ఆడ పెట్టి పో."

ఎర్ర పెన్ను పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పక్కగదిలో చెవులు రిక్కించాను. కాగితం తిప్పిన చప్పుడు. పెన్ను గీసిన చప్పుడు. నవ్వు లేదు. సోఫాలో కట్టుడు పళ్ళు దొరికిన కథ దగ్గరికి వచ్చి ఉంటుందని లెక్కవేసుకున్నాను. ఆ కథకు బస్తీ అంతా పడీపడీ నవ్వింది. ఈమె కిక్కురుమనలేదు. అన్నాళ్ళూ నన్ను చూసి నవ్వుతారని భయపడ్డవాణ్ణి, ఎవరూ నవ్వకపోతే ఏమిటని ఒక్కసారి కూడా అనుకోలేదు.

మధ్యాహ్నానికి కట్ట తిరిగి ఇచ్చింది. పేజీలన్నీ ఎర్రగా ఉన్నాయి. 'అర్ధమైంది' అన్నచోటల్లా ధ పోయి థ కూర్చుంది. అద్దాల బీరువా గుర్తొచ్చి, ధైర్యం చల్లబడకముందే కాప్రాకు ఫోన్ చేశాను. నేనే వేసుకుంటాను, దండం సార్ అన్నాను.

"మీ ఇష్టమండీ. ఆ తప్పులు మాత్రం పోగొట్టుకోకండి," అన్నాడు పెద్దాయన.

"పోయినయ్ సార్."

ఫోన్ పెట్టేశాక ఆగలేక ఆమెను అడిగేశాను. "అంత చదివినవ్. ఒక్కసారి సుత నవ్వలేదేందే?"

ఆమె పెన్ను మూత పెట్టింది.

"నవ్వుకుంట చదివితె తప్పులు దొరుకుతయా? దిద్దుమంటివి, దిద్దిన. ముందుగాల అచ్చెయ్యి. కొనుక్కొని నవ్వుత."